సంతకమును సమ్మతియును: రాష్ట్రేతరాంధ్రుల చికిత్సా నిర్ణయములలో రోగి, కుటుంబము, భాష

చరకసంహిత సూత్రస్థానమున చికిత్సకు నాలుగు పాదములు చెప్పబడినవి: వైద్యుడు, ఔషధము, పరిచారకుడు, రోగి. ఈ నాలుగును తగిన గుణములతో కూడియున్నప్పుడే వ్యాధి శమించునని ఆ గ్రంథము అభిప్రాయము. రోగికి ఉండవలసిన గుణములుగా జ్ఞాపకశక్తి, వైద్యుని మాట పాటించుట, నిర్భయత, తన బాధను తెలియజెప్పగలుగుట అనునవి పేర్కొనబడినవి. అదే గ్రంథము చికిత్సాస్థానమున, ఉదరరోగ ప్రకరణములో మరియొక విశేషము కలదు. మిగిలిన మందులకు వ్యాధి లొంగనప్పుడు విషప్రయోగమువంటి ప్రమాదకరమైన చికిత్సకు పూనుకొను వైద్యుడు, ముందుగా రోగి జ్ఞాతులకును, మిత్రులకును, భార్యకును, బ్రాహ్మణులకును, రాజునకును, గురువులకును తన సంశయమును దాచక చెప్పి, వారి అనుమతి పొందిన పిమ్మటనే పని ఆరంభింపవలెనని అందు విధింపబడినది.

ప్రమాదమును మరుగుపరుపక చెప్పవలెననుట ఆ విధియందలి గొప్పతనము. అయినను ఆ జాబితాలో ఒక్కరు మాత్రము కానరారు. వారు రోగియే.

ప్రాచీనగ్రంథముననున్న ఈ కొరత నేటి ఆసుపత్రి వరండాలలోను తరచుగా కనబడుచున్నది. శస్త్రచికిత్సకు ముందు అంగీకారపత్రము వచ్చును. దానిపై భర్తయో, పెద్దకుమారుడో, అల్లుడో సంతకము చేయును. లోపల మంచముపై నున్న మనిషికి ఏమి జరుగబోవుచున్నదో చూచాయగా మాత్రమే తెలియును. తెలుగునేలకు వెలుపల స్థిరపడిన తెలుగు కుటుంబములలో ఈ చిక్కునకు మరియొకటి తోడగుచున్నది. పత్రము ఒక భాషలో, వైద్యుని మాట మరియొక భాషలో, రోగి ఆలోచన తెలుగులో నుండును. ఈ మూడింటి నడుమ రోగి సమ్మతి ఎక్కడ జారిపోవుచున్నదో, దానిని నిలుపుటకు కుటుంబమును సంఘమును చేయగలిగినది ఏమో పరిశీలించుట ఈ వ్యాసమునకు విషయము.

సమ్మతి యనగా నేమి?

ఈ విషయమున భారతదేశ న్యాయచరిత్రలో ముఖ్యమైన తీర్పును సుప్రీంకోర్టు 2008 జనవరి 16వ తేదీన ఇచ్చెను. వివాదము 1995 నాటిది. నలుబది నాలుగేండ్ల అవివాహిత యొకతె అధిక రక్తస్రావముతో ఢిల్లీలోని ఒక వైద్యాలయమునకు వెళ్లెను. కారణము కనుగొనుటకై పరికరముతో కడుపులోపల పరీక్షించుటకు ఆమె అంగీకరించెను. ఆమె మత్తుమందు ప్రభావముననుండగా, బయట కూర్చున్న వృద్ధురాలైన తల్లిచేత సంతకము చేయించుకొని, గర్భకోశమును అండకోశములను తొలగించిరి. వైద్యులు సదుద్దేశముతోనే చేసిరని కోర్టు అంగీకరించినను, పరీక్షకు ఇచ్చిన సమ్మతి చికిత్సకు సమ్మతి కాదనియు, వయస్సు వచ్చి తెలివితో నున్న మనిషికి బదులుగా తల్లి ఇచ్చిన అనుమతి చెల్లదనియు నిర్ణయించెను. ఆ అవయవములను తొలగింపకున్నచో వెంటనే ప్రాణమునకు ముప్పు వచ్చెడి స్థితి అప్పుడు లేదు. ఆమె తెలివి వచ్చువరకు ఆగి అడుగుటకు అవకాశముండెను.

రోగికి చెప్పవలసిన విషయములు ఏవో కూడ ఆ తీర్పులో వివరింపబడినవి. చేయబోవు చికిత్స ఎట్టిది, దేనికొరకు, దానివలన మేలెంత, దానికి మారుగా వేరు మార్గము కలదా, గణింపదగిన ప్రమాదములేవి, చికిత్స వలదన్నచో ఏమి కాగలదు అనునవి ముఖ్యములు. ఎన్నడో ఎక్కడో జరుగు అతి స్వల్ప ప్రమాదములన్నియు ఏకరువు పెట్టి రోగిని భయపెట్టవలసిన పనిలేదు. ప్రాణాపాయ సమయమున, అడుగుటకు వ్యవధిలేనప్పుడు, వైద్యుడు సమ్మతి లేకయే రక్షింపవచ్చును. పిల్లల విషయమున తల్లిదండ్రులు నిర్ణయింతురు. కాని స్పృహతో, తెలివితోనున్న పెద్దవారి శరీరముపై అధికారము వారిదే. గర్భస్రావమునకు సంబంధించిన 1971 నాటి చట్టము సైతము వయస్సు వచ్చిన స్త్రీకి ఆమె సమ్మతినే కోరుచున్నది. భర్త సంతకము కావలెనని అందు లేదు. ఆచారము మాత్రము చట్టముకంటె వెనుకబడి, భర్తనే పిలుచుచున్నది.

నిర్ణయమున రోగి పాలెంత?

వైద్యశాస్త్రము తెలియని రోగి ఏమి నిర్ణయింపగలడని కొందరి సందేహము. వ్యాధికి ఒకే చికిత్స ఉన్నప్పుడు ఆ సందేహమునకు కొంత తావు కలదు. కాని పెక్కు వ్యాధులకు రెండు మూడు మార్గములుండును. ఏది మేలో రోగి జీవనమును బట్టియే తేలవలసియుండును.

తొలిదశలోనున్న రొమ్ము క్యాన్సరును ఉదాహరణముగా గైకొనవచ్చును. రొమ్మును పూర్తిగా తొలగించుట ఒక మార్గము. గడ్డను మాత్రము తొలగించి, మిగిలిన భాగమునకు రేడియేషను ఇచ్చుట రెండవది. ఇటలీలో ఉంబెర్టో వెరొనేసియు, అమెరికాలో బెర్నార్డ్ ఫిషరును సాగించిన పరిశీలనల ఇరువది యేండ్ల ఫలితములు 2002లో వెలువడినవి. రెండు మార్గములలోను స్త్రీలు జీవించిన కాలమున చెప్పుకొనదగిన భేదము లేదని అవి తేల్చినవి. అట్లయినచో దేనిని ఎంచుకొనవలెను? రేడియేషనుకు వారమునకు ఐదు దినముల చొప్పున మూడు మొదలు ఐదారు వారములు ఆసుపత్రికి పోవలెను. రాయగడ ప్రాంతపు పల్లెలోని తెలుగు రైతుకూలీ స్త్రీ అన్ని వారములు విశాఖపట్టణముననో కటకముననో బస చేయగలదా? ఇంట చంటిబిడ్డను చూచువారెవరు? ఇంకొక స్త్రీకి రొమ్ము పోవుటయే ప్రాణము పోవుటతో సమానముగా తోచవచ్చును. ఆమె ఎట్టి ప్రయాసకైనను సిద్ధపడును. ఈ ప్రశ్నలకు సమాధానము ఏ వైద్యగ్రంథమునను లేదు. అది ఆ స్త్రీకి మాత్రమే తెలియును.

మూత్రపిండములు చెడిన వారి సంగతియు అట్టిదే. యంత్రముతో రక్తశుద్ధి చేయించుకొనువారు సాధారణముగా వారమునకు మూడుసార్లు, ప్రతిసారి నాలుగేసి గంటలు ఆసుపత్రిలో గడపవలెను. కడుపులో అమర్చిన గొట్టము ద్వారా ద్రవము ఎక్కించి దించు పద్ధతి ఇంటియొద్దనే జరుగును. కాని దినమునకు నాలుగు పర్యాయములు పరిశుభ్రతతో చేయవలెను. మొదటిదానికి ప్రయాణము, పనికి సెలవు కావలెను. రెండవదానికి ఇంట శుభ్రమైన చోటు, చేయి తోడు కావలెను. వైద్యుడు రెండింటి గుణదోషములు చెప్పగలడు. ఏది తన బ్రతుకునకు సరిపడునో చెప్పవలసినవాడు రోగి.

భాష తెచ్చు చిక్కు

2011 జనాభా లెక్కల ప్రకారము తెలుగు మాతృభాషగా గలవారు తమిళనాడులో దాదాపు 42 లక్షలు, కర్ణాటకలో 35 లక్షలకు పైగా, మహారాష్ట్రమున 13 లక్షలు, ఒడిశాలో 7 లక్షలు కలరు. వీరిలో పెక్కు కుటుంబములు తరతరములుగా అక్కడనే వేళ్లూనుకొన్నవి. హోసూరు, కృష్ణగిరి ప్రాంతముల రైతులు, షోలాపురము పద్మశాలీలు, బరంపురము వర్తకులు, ముంబయి కామాఠీపురమునకు ఆ పేరు తెచ్చిన కూలీలు ఇందుకు నిదర్శనములు. యానాము ప్రజలు తెలుగునేల నడుమనే యున్నను పుదుచ్చేరి పాలనలో నున్నారు. పెద్ద చికిత్సకై ప్రక్కనున్న కాకినాడకు పోయినవారికి భాష అడ్డురాదు. పుదుచ్చేరికి పోయినవారు మాత్రము తమిళమున అడుగు ప్రశ్నలకు జవాబు చెప్పవలసివచ్చును.

వీరి భాషాస్థితిలో గమనింపదగిన విషయ మొకటి కలదు. ఇంట మాటలాడునది తెలుగు. బడిలో చదివినది తమిళమో, కన్నడమో, మరాఠీయో, ఒరియాయో. కావున తెలుగులో అచ్చువేసిన అంగీకారపత్రము వీరిలో పెక్కుమందికి చదువరాదు. తమిళమున అచ్చువేసినది చదువవచ్చును. కాని అందలి వైద్యపదములు బజారులో మాటలాడు తమిళమున లేవు. ముసలివారికి ఆ రెండును రావు. “ఈమెకు ఏ భాష వచ్చును?” అని ఒక్కమాట అడిగి గడిలో వ్రాసికొన్నంతమాత్రమున పని తీరదు. ఏ భాషలో వినును, ఏ లిపిలో చదువును అని రెండు ప్రశ్నలడుగవలెను.

పదముల యెన్నికయు ముఖ్యమే. పుస్తకములలోని “శస్త్రచికిత్స”కు తమిళమున “అఱువై చికిచ్చై” అనియు, మరాఠీలో “శస్త్రక్రియ” అనియు వ్యవహారము. కాని “ఆపరేషను” అన్నచో ఈ ప్రాంతములన్నిటను ముసలమ్మకు సైతము తెలియును. “మూత్రపిండము”కంటె “కిడ్నీ” సుబోధము. అచ్చతెలుగు మాటలలోను ప్రమాదము లేకపోలేదు. “కడుపు” అన్నమాట అన్నకోశమునకును గర్భమునకును చెల్లును. “కడుపు ఆపరేషను” అన్నచో పేగులకో, గర్భసంచికో, పిల్లలు పుట్టకుండుటకో తెలియదు. “గడ్డ” అన్నచో సెగగడ్డయు కావచ్చును, క్యాన్సరును కావచ్చును. ఈ ద్వంద్వార్థమునే ఆసరా చేసికొని బంధువులు, “కడుపులో చిన్న గడ్డ, తీసివేయుదురు” అని రోగికి చెప్పి ఊరకుందురు.

సామాన్యముగా దుబాసీగా నిలుచునది ఇంటిలోని పిల్లలు. బడిలో కన్నడమో తమిళమో నేర్చిన మనుమడు నాయనమ్మకును వైద్యునకును నడుమ నిలుచును. అతడు బుద్ధిమంతుడే, కాని వైద్యుడు పది వాక్యములు చెప్పినచో అతడు రెండు చెప్పును. భయముగొలుపు మాటను మ్రింగివేయును. నాయనమ్మ అడిగిన ప్రశ్నను చిన్నతనమని తలచి అడుగడు. స్త్రీల వ్యాధులను గురించి మనుమనిచేత చెప్పించుట నాయనమ్మకు సిగ్గు. ఆమె తన బాధలో సగము లోపలనే దాచుకొనును. ఇక వైద్యునకు అందునది సగము రోగచరిత్ర, రోగికి అందునది సగము వివరణ.

2018లో జాతీయ మానవహక్కుల సంఘము రూపొందించిన రోగుల హక్కుల పత్రములో 17 హక్కులు పేర్కొనబడినవి. వ్యాధిని, చికిత్సను గురించిన వివరములు రోగికి తెలిసిన భాషలో, గ్రహింపగల రీతిలో చెప్పవలెననుట వానిలో చేరియున్నది. ఈ పత్రము స్వయముగా చట్టము కాదు. అయినను ఆసుపత్రి బల్ల ముందు నిలిచి మాతృభాషలో వివరణ కోరువాడు భిక్ష అడుగుట లేదనుటకు ఇది ఆధారము.

భాష ఒక్కటియే చాలునా?

తెలుగునేలయందే జరిగిన ఒక సంఘటన ఈ ప్రశ్నకు సమాధానమిచ్చుచున్నది. 2009లో, నాటి ఆంధ్రప్రదేశమునందలి ఖమ్మము జిల్లాలో, గర్భాశయ ముఖద్వారపు క్యాన్సరును నివారించు టీకాను పది మొదలు పదునాలుగేండ్ల వయస్సుగల వేలకొలది బాలికలకు పరిశీలనార్థము ఇచ్చిరి. వారిలో పెక్కుమంది వసతిగృహములలోనుండి చదువుకొను గిరిజన బాలికలు. 2010లో ఆ కార్యక్రమము నిలిపివేయబడినది. టీకా పొందిన బాలికలలో కొందరి మరణములు టీకావలన కలిగినట్లు విచారణలో తేలలేదు. ఆ టీకా నేడు అనేక దేశములలో వాడుకలో నున్నది. కాని సమ్మతి తీసికొన్న తీరును 2013లో పార్లమెంటు స్థాయీసంఘము తీవ్రముగా విమర్శించెను. పరిశీలించిన 9,543 పత్రములలో 1,948 వ్రేలిముద్రలతో నుండెననియు, 2,763 పత్రములపై వసతిగృహ సంరక్షకులే సంతకము చేసిరనియు ఆ నివేదిక తెలిపినది. తల్లిదండ్రులు ఊళ్లలో నుండిరి. వారిని అడుగుటకు ఎవరును పోలేదు.

మందు మంచిదైనంతమాత్రమున సమ్మతి అక్కరలేదనుట పొరపాటని ఈ ఉదంతము చాటుచున్నది. అడిగియున్నచో పెక్కుమంది తల్లిదండ్రులు అంగీకరించి యుండెడివారేమో. అడుగకపోవుటచే మంచి టీకాపైననే అపనమ్మకము ప్రబలినది. ఔషధపరీక్షలలో బలహీనవర్గముల వారి సమ్మతిని దృశ్యశ్రవణ రూపమున నమోదు చేయవలెనను నియమము 2019 నాటి నూతన ఔషధ, క్లినికల్ పరీక్షల నిబంధనలలో నున్నది. వ్రేలిముద్రకు వెనుక వివరణ జరిగినదా లేదా యనుటకు అది సాక్ష్యము.

కుటుంబము స్థానము

ఇంతమాత్రమున కుటుంబమును తలుపు వెలుపల నిలుపవలెనని కాదు. ఈ దేశమున రోగి వెంట వచ్చునది, ధనము సమకూర్చునది, రాత్రింబవళ్లు కనిపెట్టియుండునది కుటుంబమే. చిక్కు అంతయు సహాయము నిర్ణయముగా మారిన చోట కలుగుచున్నది.

క్యాన్సరువంటి వ్యాధి బయటపడినప్పుడు, “నాన్నగారికి చెప్పకండి, తట్టుకొనలేరు” అని కుమారులు వైద్యుని బ్రతిమాలుదురు. ఇది ప్రేమవలననే కలిగిన మాట. వైద్యుల నడవడికి సంబంధించిన 2002 నాటి నియమములు సైతము రోగి స్థితిని ఎక్కువచేసియు తక్కువచేసియు చెప్పరాదనుచునే, ఆ స్థితి రోగికో, బంధువులకో, బాధ్యతగల మిత్రులకో తెలియవలెనన్నవి. ఆ “రోగికో, బంధువులకో” అన్నచోటనే పాత ఆచారము నిలిచియున్నది. కాని క్యాన్సరు విభాగపు బోర్డు క్రింద వరుసలో కూర్చున్న పెద్దమనిషికి వ్యాధి పేరు ఎంతకాలము తెలియకుండును? ఆయన ఊహించును, పిల్లలు బాధపడుదురని తానును నటించును. ఒకరినొకరు కాపాడుకొనుచు అందరును ఒంటరులగుదురు. దూరముననున్న కుమార్తెను చూడవలెనను కోరిక, పొలము పంపకము, ఒక పాత తగవు తీర్చుకొనుట — వీనికి మిగిలిన కాలము ఇట్లు జారిపోవును.

ఇందుకు మార్గము రోగినే అడుగుట. “పెద్దయ్యగారూ, మీ జబ్బు గురించి అన్నీ మీకే చెప్పమంటారా? ఇంట్లోవాళ్లలో ఎవరికైనా చెప్పమంటారా?” అని వైద్యుడు మొదటనే అడుగవచ్చును. కొందరు, “నాకంతా తెలియాలి” అందురు. కొందరు, “మా పెద్దవాడితో చెప్పండి బాబూ, వాడేమంటే అదే” అందురు. ఈ రెండవ మాటయు సమ్మతియే. తన అధికారమును తాను కోరినవారికి అప్పగించుట గనుక. రోగి అప్పగింపకయే దానిని తీసికొనుట మాత్రము తగదు.

కుటుంబమున అడుగబడని వ్యక్తి ఇంకొకరు కలరు. మంచముపట్టిన అత్తగారికి నాలుగు పూటల ద్రవము మార్చవలసినది, గాయము కడుగవలసినది తరచుగా కోడలు. నిర్ణయము మగవారు చేయుదురు. పని ఆమెపై పడును. ఇంటియొద్ద చేయదగిన చికిత్సను ఎంచుకొనునప్పుడు ఆమె మాట వినుట చికిత్స సఫలమగుటకే అవసరము.

రోగి మాటలాడలేని స్థితి వచ్చినప్పుడు అతని కోర్కెను నిలుపుటకు కూడ నేడు మార్గము కలదు. 2018 మార్చి 9వ తేదీన సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనము, కోలుకొను ఆశలేని స్థితిలో ఎట్టి చికిత్స వలదో ముందుగా వ్రాసియుంచు హక్కును గుర్తించెను. నాటి పద్ధతి క్లిష్టమైనందున 2023 జనవరి 24వ తేదీన దానిని సులభతరము చేసెను. ఇప్పుడు మెజిస్ట్రేటు యొద్దకు పోనక్కరలేదు. ఇద్దరు సాక్షుల సమక్షమున సంతకము చేసి, నోటరీచేతనో గెజెటెడు అధికారిచేతనో ధ్రువపరచుకొనిన చాలును. తన తరఫున నిర్ణయింపదగిన సంరక్షకులను, దగ్గరి బంధువులను అందు పేర్కొనవచ్చును. తలచినప్పుడు రద్దు చేసికొనవచ్చును. ఆ కోర్కెను అమలుపరచుటకు ముందు వైద్యుల రెండు సంఘములు రోగి స్థితిని పరిశీలింపవలెను. కర్ణాటక ప్రభుత్వము ఈ ఆదేశములను అమలు చేయుటకు 2025 జనవరిలో ఉత్తరువు వెలువరించినది. ఇట్టి పత్రము వ్రాసికొనుటకంటె, దానిని గూర్చి ఇంటివారితో మాటలాడుట ముఖ్యము. విననివారు పత్రమును బయటకు తీయరు.

సంఘములు చేయదగినవి

తెలుగునేలకు వెలుపలనున్న తెలుగు సంఘములు ఉగాది ఉత్సవములకు, బడులకు చూపు శ్రద్ధలో కొంత ఈ వైపునకు మరలింపవచ్చును. దీనికి పెద్ద ధనముతో పనిలేదు.

మొదటిది, దుబాసీల పట్టిక. ఊరి పెద్దాసుపత్రికి పిలిచినంతనే రాగల, బంధువులు కాని తెలుగువారిని, వారిలో స్త్రీలను తప్పక చేర్చి, ఏర్పరుపవలెను. విన్నది విన్నట్లు చెప్పుట, కలుపుట గాని తీయుట గాని చేయకుండుట, బయట ఎవరికిని చెప్పకుండుట అను మూడు నియమములు వారికి నేర్పవలెను.

రెండవది, తెలుగు మాటలతో, స్థానిక లిపిలో ముద్రించిన ఒక చిన్న కాగితము. తమిళ లిపిలోనో, కన్నడ లిపిలోనో, దేవనాగరిలోనో, ఒరియా లిపిలోనో వ్రాసిన తెలుగు వాక్యములను ఇంటిలోని పిల్లలు పెద్దలకు చదివి వినిపింపగలరు. అందు ఐదు ప్రశ్నలుండిన చాలును: నాకు వచ్చిన జబ్బేమి? దీనికి ఏయే మార్గములున్నవి? ఒక్కొక్కదానిలో మేలెంత, కీడెంత? ఏమియు చేయకున్నచో ఏమగును? ఇంటికి పోయిన పిమ్మట ఎవరేమి చేయవలెను, ఎంత ఖర్చగును?

మూడవది, తిరిగి చెప్పించుట. “అర్థమైనదా?” అని అడిగినచో అందరును తల యూపుదురు. “ఇంటికి వెళ్లాక మీ అక్కగారు అడిగితే ఏమని చెబుతారమ్మా?” అని అడిగినచో, ఎంత అందినదో, ఎంత జారినదో రోగి నోటనే తెలియును. దీనికి పట్టునది రెండు నిమిషములు.

నాలుగవది, కాగితములను గూర్చిన ఎరుక. పై 2002 నియమముల ప్రకారము రోగిగాని, అతడు అధికారమిచ్చినవారుగాని కోరినచో వైద్యుడు 72 గంటలలో రోగచరిత్ర పత్రముల నకళ్లు ఇవ్వవలెను. వేరొక వైద్యుని అభిప్రాయము పొందదలచిన వారికి ఇది ఆధారము. పెక్కుమంది అడుగుటకు జంకి, ఉన్న పరీక్షలనే మరల చేయించుకొని నష్టపోవుచున్నారు.

చరకుడు చెప్పిన నాలుగు పాదములలో మూడింటికి ఈ శతాబ్దమున ఎంతో బలము చేకూరినది. వైద్యుని విద్య, మందుల శక్తి, పరిచర్యలోని నేర్పు పెరిగినవి. నాలుగవ పాదమైన రోగికి చేకూరవలసిన బలము యంత్రములవలన రాదు. తన జబ్బేమో తన భాషలో తెలిసి, వలయునని గాని వలదని గాని తన నోటితో చెప్పుటయే ఆ బలము. పొరుగునేలలో మూడు నాలుగు తరములుగా తెలుగును నిలుపుకొన్న కుటుంబములకు, ఆ భాష ఆసుపత్రి మంచము ప్రక్కన కూడ నిలుచునట్లు చేసికొనుట మిగిలియున్న పని.